నట్టింట్లో టవర్ క్రేన్!

హైదరాబాద్‌లో కోకాపేట దారి పట్టారంటే తల పైకెత్తకుండా ఉండలేరు. భవనాల కంటే ముందు క్రేన్లే కనిపిస్తాయి. బస్సు కిటికీలోంచి నోరెళ్లబెట్టి చూసేది పిల్లలు మాత్రమే అనుకునేరు... పెద్దలూ తక్కువేం కాదు. వాళ్లలో కొందరైతే చూసి ఊరుకోరు. అచ్చం అలాంటి క్రేన్‌నే తెచ్చి ఇంట్లో నిలబెడతారు. కాకపోతే యాభయ్యో వంతు సైజులో!

నిర్మాణ యంత్రాల మోడళ్లు సేకరించేవాళ్లకి 1:50 స్కేలంటే ప్రాణం. అసలు క్రేన్‌లో ఒక మీటరు, ఇక్కడ రెండు సెంటీమీటర్లు. ఈ బొమ్మలకి పుట్టినిల్లులాంటిది జర్మనీలోని న్యూరెంబర్గ్ ప్రాంతం. ఎన్‌జెడ్‌జీ, కాన్రాడ్ అనే పేర్లు వింటే చాలు, సేకర్తల కళ్లు మెరుస్తాయి. జింకు మిశ్రమాన్ని అచ్చుల్లో పోసి చేసే ఈ మోడళ్లను క్రేన్ల కంపెనీలు తమ ఖాతాదారులకు కానుకలుగా ఇస్తుంటాయి. అలా ఆఫీసు బల్లల మీద మొదలైన ముచ్చట ఇళ్లలో అల్మరాలకు ఎక్కింది.

పెట్టె విప్పగానే క్రేన్ దర్శనమిస్తుందనుకుంటే పొరపాటే. పెద్ద మోడళ్లలో ఉండేవి ముక్కలు, పిన్నులు, కప్పీలు, ఒక దారపుండ. అసలు పరీక్ష ఆ దారంతోనే. పట్టకారుతో పట్టుకుని ఒక్కో కప్పీ చుట్టూ తిప్పుతూ హుక్కుదాకా తేవాలి. ఒక్క వరస తప్పితే మళ్లీ మొదటికే! ఇంతా చేస్తే దారం బిగుసుకోదు, పురి తిరిగి వేలాడుతుంది. ఎందుకంటారా? పొడవు 50 వంతులు తగ్గితే బరువు 50 వంతులు కాదు, 1,25,000 వంతులు తగ్గుతుంది. టన్ను బరువుండే హుక్కు ఇక్కడ ఎనిమిది గ్రాములే. అది దారాన్ని ఏం లాగుతుంది పాపం! అందుకే కొందరు దారానికి మైనం రాసి నూగు అణుస్తారు, హుక్కులో ఓ సీసం ముక్క దాచేస్తారు.

ఇక బిగించే వరస. టవర్ క్రేన్‌కి ముందుచెయ్యి, అదే జిబ్, మొదటే తగిలించారా... బోర్లా పడుతుంది. పోనీ అని వెనక దిమ్మలన్నీ ముందే పెడితే వెల్లకిలా! వెనకచెయ్యి, దానిమీద ఒకటో రెండో దిమ్మలు, తర్వాత జిబ్, ఆఖర్న మిగతా దిమ్మలు... మామూలుగా నిజం క్రేన్‌కి సైట్లో పాటించే వరస కూడా ఇదే. బొమ్మ పడితే పెయింటు పోతుంది, అంతే. అక్కడ అలా కాదు. 2019 ఏప్రిల్ 27న అమెరికాలోని సియాటిల్‌లో టవర్ క్రేన్‌ను విప్పుతున్నారు. స్తంభం ముక్కల్ని కలిపి ఉంచే పిన్నుల్ని, ఏ ముక్క దించుతుంటే దానివే తీయాలి. దాదాపు అన్నీ ముందే తీసేశారు. గట్టిగా గాలి వీచింది. క్రేన్ మీదున్న ఇద్దరు పనివాళ్లు, కింద రోడ్డు మీద కార్లలో ఉన్న మరో ఇద్దరు చనిపోయారు. మన విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డ్‌లో 2020 ఆగస్టు 1న క్రేన్ సత్తా పరీక్షిస్తుండగా అది కూలి 11 మంది పోయిన సంగతీ మరిచిపోలేం. మోడల్‌లో అగ్గిపుల్ల తలంత పిన్ను పెడుతున్నప్పుడు దాని విలువేంటో తెలిసొస్తుంది.

ఖర్చంటారా? పెద్ద క్రాలర్ క్రేన్ కొనాలంటే పదివేల నోట్ల కట్టలు కొన్ని విప్పాల్సిందే. ఆపైన చోటు! 150 మీటర్ల బూమ్ యాభయ్యో వంతుకి దిగినా మూడు మీటర్లు. అంటే ఫ్లాట్‌లో ఫ్యాను రెక్కలకి తగులుతుంది. ఇంటావిడ ఊరుకుంటారా అన్నది మీరూ మీరూ తేల్చుకోవాలి. లెగో కంపెనీ లీబర్ ఎల్ఆర్ 13000 క్రేన్‌ను 2,883 ముక్కల సెట్‌గా 2023లో తెచ్చింది. నిలబెడితే మీటరు ఎత్తు. అదీ చవకేం కాదు.

అంత వద్దనుకుంటే అటక మీద పాత మెకానిక్స్ డబ్బా ఉందేమో చూడండి. చిల్లుల ఇనుప పట్టీలు, నట్లు, బోల్టులు... చాలామంది చిన్నప్పుడు ఆడుకున్నదే. ఈ ఆలోచన ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో పుట్టింది. ఫ్రాంక్ హార్న్‌బీ తన కొడుకుల కోసం రేకు కత్తిరించి చేసిన ఆటవస్తువుకి 1901లో పేటెంటు తీసుకున్నాడు. అదే తర్వాత మెకానో అయింది. ఆ పట్టీలతో ఓ చిన్న క్రేన్ బిగించి, వెనక నాలుగు రూపాయి బిళ్లలు కట్టి, ముందు హుక్కుకి తాళంచెవుల గుత్తి తగిలించండి. నిలబడకపోతే ఇంకో బిళ్ల!