కరెంటు బిల్లు మీద పేరు

కోస్తాలోని ఒక ఆర్డీవో కార్యాలయంలో ఆ మధ్యాహ్నం ఏడు కేసులు విచారణకు వచ్చాయి. అన్నీ ఒకే బాపతు. ఒకపక్క తల్లో తండ్రో, ఇంకోపక్క కొడుకో కూతురో, మధ్యలో స్టాంపు కాగితాలు. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. దాని కింద ఏర్పాటైన ట్రిబ్యునల్‌కు ఆర్డీవోయే పెద్ద. నాలుగో కేసు ఒక ముసలావిడది. ఉన్న ఒక్క ఇల్లూ కొడుకు పేర గిఫ్టు డీడు రాసిచ్చేసింది. కొడుకు ఆవిడను గెంటెయ్యలేదు, చెయ్యి చేసుకోలేదు. రెండు పూటలా కంచం వెనక గదికి వస్తోంది. ఆర్డీవోకు ఫిర్యాదు ఏమిటో అంతుబట్టలేదు.

"మామ్మగారూ, అన్నం పెడుతున్నారు, మందులు కొంటున్నారు. ఇంకా మీకేం కావాలి?"

"కరెంటు బిల్లు నా పేరున రావాలి బాబూ" అంది ఆవిడ.

హాల్లో నవ్వులు. కొడుకూ నవ్వాడు. ఆవిడ నవ్వలేదు.

చట్టం ఎలా అమలవుతోందో చూద్దామని వెళ్లినవాణ్ని తిరుగు బస్సులో మాత్రం ప్రేమ్‌చంద్ గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను. ఆయన 'బూఢీ కాకీ' చదివినవారికి కారణం చెప్పనక్కర్లేదు. చదవనివారి కోసం: కాకీ అంటే పిన్ని. భర్త పోయాడు, ఎదిగిన కొడుకులూ పోయారు. వరసకు కొడుకయ్యే బుద్ధిరామ్ కడదాకా చూసుకుంటానని నమ్మబలికి ఆస్తంతా రాయించుకున్నాడు. ఆ తర్వాత ముసలమ్మకు కడుపునిండా తిండి దొరకడమే గగనమైంది. ఇంట్లో పెద్ద కొడుకు తిలకం వేడుక జరుగుతోంది. వంటశాల నుంచి పూరీల వాసన వస్తోంది. నడవలేని కాకీ పాకుతూ మూకుడు దాకా వెళ్లింది. కోడలు రూప చీవాట్లు పెట్టి పంపింది. మళ్లీ పాకుతూ అతిథుల మధ్యకు వెళ్తే బుద్ధిరామ్ ఈడ్చుకెళ్లి గదిలో పడేశాడు. ఇంట్లో ఆమెను ప్రేమించేది చిన్నపిల్ల లాడ్లీ ఒక్కతే. ఆ పిల్ల దాచి తెచ్చిన నాలుగు పూరీలు ఆకలిని రెచ్చగొట్టాయే తప్ప తీర్చలేదు. అర్ధరాత్రి కాకీ ఎంగిలి విస్తళ్ల దగ్గర కూర్చుంది. మెలకువ వచ్చిన రూప అది చూసి వణికిపోయింది. దేవుడికి మొక్కుకుని, పళ్లెం నింపి తెచ్చి పెట్టింది.

దాదాపు వందేళ్ల నాటి కథ. ఆకలిని అంత దగ్గరగా చూపిన కథలు మన భాషల్లో తక్కువే. కానీ నాకు ఎప్పుడూ ఒక అసంతృప్తి. పాఠకుడి కళ్లు చెమర్చేది కాకీ తిన్నందుకా, రూప మారినందుకా? కథ చివర్లో ముసలమ్మ ఆకలి కోడలి ఆత్మకు పెట్టిన పరీక్ష అయిపోయింది. కోడలు పాసయింది. మనమూ ఊపిరి పీల్చుకుని పుస్తకం మూశాం.

కాకీ ఇవాళ ఉండి ఉంటే ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. పిల్లలు లేని వృద్ధులు తమ ఆస్తి దక్కిన బంధువు నుంచి పోషణ కోరవచ్చని చట్టం చెబుతోంది. చూసుకుంటామన్న షరతు మీద రాసిచ్చిన ఆస్తిని, ఆ షరతు తప్పితే వెనక్కి ఇప్పించడానికి 23వ సెక్షన్ ఉంది. అలాంటి షరతు ఉందని తేలకుండా బదిలీని రద్దు చేయడం కుదరదని 2022 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు అంది. 2025 జనవరిలో మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తల్లి కేసులో అదే కోర్టు, ఈ చట్టాన్ని వృద్ధుల మేలు కోరి ఉదారంగా చదవాలంటూ గిఫ్టు డీడును రద్దు చేసింది. చట్టం ప్రకారం నెలకు ఇప్పించగల పోషణ భత్యం గరిష్ఠంగా 10,000 రూపాయలు. అందులో పూరీలు ఏ సెక్షన్ కింద వస్తాయో తెలియదు.

రాసిచ్చేసి మోసపోయిన ముసలివాళ్లు మన సాహిత్యానికి కొత్త కాదు. మరాఠీలో వి.వి. శిర్వాడ్కర్ 1970లో రాసిన 'నటసమ్రాట్' అదే. రిటైరైన రంగస్థల నటుడు ఉన్నదంతా పిల్లలకు పంచి, చివరికి వీధిన పడతాడు. 2023లో 'రంగమార్తాండ'గా తెలుగు తెరకూ వచ్చింది. ఇంకా వెనక్కి వెళ్తే మహాభారతమే ఉంది. యుద్ధం ముగిశాక ధృతరాష్ట్రుడు పదిహేనేళ్లు పాండవుల ఇంట్లో బతికాడు. ధర్మరాజు ఏ లోటూ రానివ్వలేదు. భీముడు మాత్రం అన్నకు వినపడకుండా, ముసలివాడికి వినపడేలా సూటిపోటి మాటలు అనేవాడు. ఆశ్రమవాస పర్వంలో రాజు అడవికి బయల్దేరడానికి ఆ మాటలూ ఒక కారణం. కంచం నిండుగా ఉండి కూడా అన్నం సహించని స్థితి అది. ఆ రోజు హాల్లో నవ్విన వాళ్లకు ఈ పర్వం ఎవరైనా వినిపిస్తే బాగుండేది.

రాజనీతి శాస్త్రం చదివినవాళ్లకు ఒక దురలవాటు. కథ చదివినా అధికారం ఎవరి చేతిలో ఉందని చూస్తాం. భీష్మ సాహనీ 'చీఫ్ కీ దావత్'లో శామ్‌నాథ్ ఇంటికి పై అధికారి భోజనానికి వస్తున్నాడు. సామాన్లు మంచాల కింద, అల్మారాల వెనక దాచేశారు. అమ్మను ఎక్కడ దాచాలి? గదిలో పడుకుంటే గురక వినపడుతుంది. వరండాలో కుర్చీ మీద కూర్చోబెట్టి, కాళ్లు ఎలా పెట్టుకోవాలో కూడా చెప్పారు. తీరా దొరగారికి ముసలమ్మే నచ్చింది. పాట పాడించుకున్నాడు, ఆమె కుట్టిన ఫుల్కారీ చూసి ముచ్చటపడ్డాడు. అంతే, కొడుకు ప్రమోషన్ అమ్మ సూదికి వేలాడింది. హరిద్వార్ వెళ్లిపోతానంటుంది ఆమె. చూపు ఆనడం లేదంటుంది. చివరికి కుడతానని ఒప్పుకుంటుంది. ముసలివాళ్ల విలువ వాళ్ల వల్ల ఒనగూరే పనిని బట్టి క్షణాల్లో ఎలా మారుతుందో ఇంత క్లుప్తంగా చెప్పిన కథ మరొకటి నేను చదవలేదు.

ఇక్కడ నాకొక సిద్ధాంతం తట్టింది. ముసలితనం గురించి రాసేవాళ్లలో ఎక్కువమంది ముసలివాళ్లు కారు. 'బూఢీ కాకీ' నాటికి ప్రేమ్‌చంద్ నలభై దరిదాపుల్లో ఉన్నారు. కొడుకుల తరం గుమ్మంలో నిలబడి గదిలోకి తొంగిచూసి రాసింది. అందుకే కథ కొడుకు సిగ్గుతోనో కోడలి పశ్చాత్తాపంతోనో ముగుస్తుంది. గదిలో ఉన్న మనిషికి ఏం కావాలో గుమ్మంలోంచి సరిగా వినపడదు.

చక్కని సిద్ధాంతమే. కానీ ఉషా ప్రియంవద అడ్డం వచ్చింది. ఆమె 1930లో పుట్టింది. 'వాపసీ' రాసేనాటికి ముప్పై దరిదాపుల్లో ఉండి ఉంటుంది. రైల్వేలో ముప్పై అయిదేళ్లు చాకిరీ చేసి, చిన్న స్టేషన్ల క్వార్టర్లలో ఒంటరిగా బతికిన గజాధర్‌బాబు రిటైరై ఇంటికొచ్చాడు. అతని మంచం ఎక్కడ వేయాలో తెలియక ముందు గదిలో వేశారు. కూతురి నడక గురించి ఒక మాటంటే కూతురు ముఖం తిప్పుకుంది. ఖర్చు తగ్గిద్దామంటే కొడుకు కస్సుమన్నాడు. ఇందులో ఎవరూ దుర్మార్గులు కారు. ముప్పై అయిదేళ్లు అతను లేకుండా నడిచిన ఇల్లు అలాగే నడవడానికి అలవాటుపడింది. చివరికి ఒక పంచదార మిల్లులో ఉద్యోగం చూసుకున్నాడు. నువ్వూ వస్తావా అని భార్యను అడిగాడు. నేనొస్తే ఈ ఇల్లెలా అందామె. అతను రిక్షా ఎక్కగానే పిల్లలు సినిమా మాట ఎత్తారు. భార్య ఆయన మంచం తీసేయమంది, నడవడానికి దారి లేదని. ఎవరి పశ్చాత్తాపమూ లేదు, పూరీల పళ్లెమూ లేదు. ముప్పై ఏళ్ల అమ్మాయి ఆ మంచం మీద కూర్చుని రాయగలిగింది. కాబట్టి నా సిద్ధాంతాన్ని కొంచెం సడలించుకుంటున్నాను. వయసొక్కటే చాలదు, ఎక్కడ కూర్చుని చూశామన్నదీ లెక్కే.

మన తెలుగు సంగతి మరీ చిత్రం. మన ఆధునిక సాహిత్యంలో కోరికలున్న తొలి ప్రసిద్ధ ముసలివాడు 'కన్యాశుల్కం'లోని లుబ్ధావధాన్లు. పసిపిల్లను డబ్బిచ్చి కొనుక్కోబోయినవాడు. గురజాడ అతణ్ని నవ్వులపాలు చేయడం న్యాయమే. వచ్చిన చిక్కల్లా ఆ నవ్వు అక్కడ ఆగలేదు. పిల్లను కొనేవాడి మీద పుట్టిన నవ్వు కాలక్రమాన ఏదైనా కావాలన్న ప్రతి ముసలివాడి మీదకూ పాకింది. ముసలివాడికి దసరా పండుగ అనే సామెత మనకు ఊరికే నిలవలేదు. కొత్త చొక్కా వేసుకున్నా, భార్య పోయాక తోడు కోరుకున్నా, ఇల్లు అమ్మనని మొండికేసినా నవ్వే. కృష్ణా రామా అనుకుంటూ మూల కూర్చున్నవాడే మనకు మర్యాదస్తుడు.

ఆ మూల నుంచి ఒక జంటను బయటకు లాగినవాడు శ్రీరమణ. 'మిథునం' ఎన్నిసార్లు చదివినా తనివి తీరనివారు తెలుగునాట లెక్కలేనంతమంది. బాపు ఆ కథను తన చేతిరాతతో తిరగరాసుకున్నారు. 2000లో ఎం.టి. వాసుదేవన్ నాయర్ దాన్ని మలయాళంలో సినిమా తీశారు, 2012లో తనికెళ్ల భరణి తెలుగులో తీశారు. పిల్లలు ఎక్కడెక్కడో స్థిరపడ్డా అప్పదాసుకు, బుచ్చిలక్ష్మికి పెరడుంది, తిండి యావ ఉంది, పోట్లాడుకోవడానికి తీరిక ఉంది. ఆయన ముందుగా పోతే, తాను ముందు పోతే ఆయన ఏమైపోయేవాడోనని ఆవిడ ఊరట పడుతుంది. పసుపు కుంకుమలతో పోవాలని కోరుకునే దేశంలో అది చిన్న మాట కాదు. కానీ ఆ ఇంట్లో రిటైరైంది ఒకరే. అప్పదాసు నాలుక కోరినవన్నీ బుచ్చిలక్ష్మి చేతులు చివరిదాకా వండుతూనే ఉన్నాయి. కథను అంతగా ప్రేమించే మన మగవాళ్లు ఈ సంగతి గమనించినట్టు కనపడరు.

పైగా పెరడు, పాడి ఉన్న ముసలితనం ఎంతమందిది? 2001 జనాభా లెక్కల్లో అరవై దాటినవారు 7.66 కోట్లు. 2011 నాటికి పది కోట్లు మించారు. అందులో గజాధర్‌బాబులా పింఛను, ప్రావిడెంట్ ఫండ్ ఉన్నవారు కొద్దిమందే. మిగతావారికి రిటైర్‌మెంట్ అన్న మాటే లేదు. వారి కథ మహాశ్వేతాదేవి 'రుదాలి'లో ఉంది. శనిచరి జీవితంలో అత్త, భర్త, కొడుకు ఒక్కొక్కరే పోయారు. ఎవరికోసమూ ఏడవడానికి తీరిక దొరకలేదు. వయసు మళ్లాక చిన్ననాటి స్నేహితురాలు బిఖ్నీతో కలిసి భూస్వాముల చావులకు కూలికి ఏడ్చే పని పట్టుకుంది. ఆ కథలో ముసలితనం ఒక ఉపాధి. కన్నీళ్లకు రేటు ఉంది. కేంద్రం వృద్ధాప్య పింఛను 1995లో నెలకు 75 రూపాయలతో మొదలై 2006-07లో 200కు చేరింది. పదిహేనేళ్లు దాటినా ఎనభై లోపువారికి కేంద్రం వాటా అక్కడే నిలిచింది. రాష్ట్రాలు తమ డబ్బు కలుపుతాయి కనుక సరిపోతోంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి 4,000 ఇస్తున్నారు. ఒకటో తారీకున ఆ నోట్లు చేతికొచ్చిన రోజున ముసలమ్మ మనవడికి చాక్లెట్ కొనిపెట్టి, కోడలికి అప్పిస్తుంది. ఆ రోజు ఆమె గొంతు ఎలా ఉంటుందో పల్లెల్లో తిరిగినవారికి తెలుసు. దాని మీద కథలు రావలసినన్ని రాలేదు.

గదిలోంచి రాసినవాళ్లూ ఉన్నారు. శివరామ కారంత్ 1968లో, అరవయ్యో పడి దాటాక, కన్నడంలో 'మూకజ్జియ కనసుగళు' రాశారు. చిన్నప్పుడే భర్తను పోగొట్టుకున్న ఎనభై ఏళ్ల అవ్వ దేవుడి గురించి, స్త్రీ పురుషుల గురించి మనవడితో మాట్లాడుతుంది. మనవడు నీళ్లు నములుతాడు. కృష్ణా సోబ్తీ డెబ్భై అయిదేళ్ల వయసులో 'సమయ్ సర్గమ్' ప్రచురించింది. ఢిల్లీలో ఒంటరిగా ఉండే అరణ్య, ఈశాన్ అనే ఇద్దరు పెద్దవయసు స్నేహితుల కథ అది. వాళ్లు కలిసి నడుస్తారు, తింటారు, వాదించుకుంటారు. గీతాంజలి శ్రీ 'రేత్ సమాధి' ఇంకో అడుగు ముందుకు వేసింది. 2022లో దాని ఇంగ్లీష్ అనువాదానికి ఇంటర్నేషనల్ బుకర్ వచ్చింది. భర్త పోయాక ఎనభైకి చేరుతున్న అమ్మ గోడవైపు తిరిగి పడుకుంటుంది. ఇంటిల్లిపాదీ లేపాలని చూస్తారు. లేవదు. లేచాక ఇంట్లోంచి మాయమవుతుంది, కూతురి ఇంటికి మారుతుంది, రోజీ అనే హిజ్రాతో స్నేహం చేస్తుంది, సరిహద్దు దాటి పాకిస్తాన్ వెళ్తుంది. ఎవరి అనుమతీ అడగదు. ఇదంతా ఈ వయసులోనా అని ఆశ్చర్యపోయేది కొడుకూ కూతురే, అమ్మ కాదు.

బస్సు ఎక్కేముందు ట్రిబ్యునల్ మెట్ల దగ్గర ఆ ముసలావిడ మళ్లీ కనిపించింది. కేసు వాయిదా పడింది. బిల్లు మీద పేరు మార్చమని ఏ సెక్షన్ కింద ఆదేశించాలో చూడాలన్నారట. కొడుకు స్కూటర్ తెచ్చి హారన్ కొడుతున్నాడు. ఆవిడ తొందరపడలేదు. చేతిసంచిలోంచి కళ్లజోడు తీసి, వాయిదా కాగితం మీద తారీకు రెండుసార్లు చదువుకుంది. నేను ఏ పని మీద వచ్చానో అడిగింది. చెప్పాను.

"రాస్తే రాయి బాబూ, నా వయసు మాత్రం వెయ్యకు" అంది.