జల్లెడ ఎవరి చేతిలో?

ఫోన్‌లో వార్త తెరిస్తే రెండో పేరా దగ్గరే ప్రకటన తెరంతా కమ్మేస్తుంది. దాన్ని మూసే ఇంటూ గుర్తు ఆవగింజంత. వేలు కాస్త జారిందా, పాఠకుడు ఏ లోన్ యాప్ పేజీలోనో తేలతాడు.

ఈ బెడదకి మందు బ్రౌజర్‌లోనే పెట్టాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. ఒపెరా బ్రౌజర్ 2016లోనే ఆ పని చేసింది. పేజీ కోరే ప్రతి చిరునామానీ ఒక జాబితాతో పోల్చి చూస్తుంది. అది ప్రకటనల సర్వర్‌దైతే అసలు దించుకోదు. డేటా మిగులుతుంది, పేజీ చటుక్కున తెరుచుకుంటుంది.

గూగుల్ సంగతి వేరు. క్రోమ్‌లో 2018 ఫిబ్రవరి 15న వడపోత మొదలైంది గానీ, మరీ విసిగించే ప్రకటనలున్న సైట్ల మీదే. ప్రకటనలే ప్రధాన ఆదాయమైన సంస్థ అంతకంటే సన్న జల్లెడ ఎందుకు పడుతుంది? పైగా ఎక్స్‌టెన్షన్లకి పెట్టిన మ్యానిఫెస్ట్ వీ3 అనే కొత్త నియమాలతో, ప్రకటనల్ని ఆపే యూబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్‌కి క్రోమ్‌లో చోటే లేకుండా పోయింది.

ప్రకటనలతో బతికే పత్రికలో ఈ మాట రాయడం కాస్త విడ్డూరమే. అయినా వడపోత బ్రౌజర్‌లోనే ఉండాలి, పగ్గాలు మాత్రం వాడేవారి చేతికి రావాలి. ఉదాహరణకి, బ్రేవ్ బ్రౌజర్‌లో అడ్రస్ బార్ పక్కనున్న సింహం బొమ్మ నొక్కితే ఆ పేజీలో ఎన్నింటిని ఆపిందో అంకె కనిపిస్తుంది; నచ్చిన సైటుకి అక్కడికక్కడే మినహాయింపు ఇచ్చేయొచ్చు.