మాతృకను పారవేయవద్దు



మొన్న ఒక పూర్వ విద్యార్థి ఫోను చేసి, "మాస్టారూ, 120 ఫిల్ము నెగెటివులకు ఏ స్కానరు కొనమంటారు? ఒకసారి కంప్యూటరుకెక్కిస్తే ఆ చెత్తంతా పారవేయవచ్చును" అన్నాడు. మొదటి మాటకు జవాబు తేలిక. రెండవ మాట విన్నప్పటినుండి మనసు మనసులో లేదు.

2020 అక్టోబరు వానలకు మాదన్నపేటలోని మా ఇంట్లోకి నీరు వచ్చింది. మంచం క్రింది రేకుపెట్టె తడిసింది. మా నాన్నగారు ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరాతో తీసిన నెగెటివులు అందులోనే ఉండేవి. కొన్ని ఒకదానికొకటి అతుక్కుపోయాయి. మిగిలినవాటికోసమే ఈ స్కానర్ల విద్య నేర్చుకున్నాను.

ఆ చదరపు నెగెటివులో బొమ్మ కొలత ఇంచుమించు 56 మిల్లీమీటర్లు. అంగుళానికి 2400 చుక్కల చొప్పున చదివితే ఒక్కొక్క వైపు 5290 చుక్కలు వస్తాయి. పదిహేడు అంగుళాల అచ్చుకు అవి చాలును. ఎప్సన్ వి600 వంటి ఫ్లాట్‌బెడ్ స్కానరు పెట్టెపై 6400 అని ఉంటుంది కాని, ఆచరణలో అందులో సగమైనా దక్కదు. నికాన్ కూల్‌స్కాన్ 9000 చెప్పిన 4000కు దగ్గరగా నిలుస్తుంది. అయితే దాని తయారీ ఎన్నడో ఆగిపోయింది, నేటి కంప్యూటర్లలో లేని ఫైర్‌వైర్ తీగను అడుగుతుంది. రోలీఫ్లెక్స్ వంటి మేటి కెమెరాతో తీసినవైతే ఆ శ్రమకు అర్థముంది. లేదా వెలుగుపలకపై నెగెటివునుంచి మాక్రో కటకంతో ఫొటో తీసుకోవచ్చు. క్లిక్ త్రీ కటకం పట్టని సూక్ష్మాన్ని ఏ యంత్రమూ పుట్టించలేదు. మావంటి ఇళ్ళ నెగెటివులకు ఫ్లాట్‌బెడ్డే చాలునని నా అభిప్రాయం. ఫిల్మును వంపు లేకుండా పరచడం, దుమ్ము తుడవడం అంతకన్న ముఖ్యం.

ఒక హెచ్చరిక. దుమ్మును తానే చెరిపే 'డిజిటల్ ఐస్' రంగుల ఫిల్ముకే పనికివస్తుంది. అది పరారుణ కిరణాలతో దుమ్మును గుర్తిస్తుంది. నలుపు తెలుపు ఫిల్ములోని వెండి ఆ కిరణాలను అడ్డగిస్తుంది కనుక, బొమ్మనే దుమ్మనుకుంటుంది. అక్షరాన్ని మరకగా భావించి గీకివేసే లేఖకుని చేతికి తాళపత్రం ఇచ్చినట్లే!

ఇక పారవేయడం సంగతి. తాళపత్రాలకు ప్రతులు వ్రాయించినవారు మాతృకలను తగులబెట్టి ఉంటే పాఠాంతరాల మాటే ఉండేది కాదు. సికింద్రాబాదులో స్టూడియో నడిపిన రాజా దీన్‌దయాళ్ గాజుపలకల నెగెటివులు రెండువేలకు పైగా నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. పలకలు మిగిలాయి గనుకనే ప్రతి తరమూ తన యంత్రంతో వాటిని మళ్ళీ చదువగలుగుతున్నది. నేటి నా స్కాను ఒక ప్రతి మాత్రమే. రేపు నా మనుమడు ఇంతకన్న బాగా చదువవచ్చు. అందుకని నెగెటివులను ఆమ్లం లేని కాగితపు కవర్లలో, తడి తగలని చోట దాచండి. వెనిగరు వాసన వేస్తే ఫిల్ము చెడిపోతున్నదని తెలుసుకొని, వాటిని వేరు చేసి ముందుగా స్కాను చేయండి.

చేస్తున్నప్పుడే పెద్దలను ప్రక్కన కూర్చోబెట్టుకొని పేర్లు వ్రాసుకోండి. ఒక బొమ్మలో మా అమ్మ భుజంపై చేయి వేసి నవ్వుతున్న ఆమె ఎవరో నాకు తెలియదు. చెప్పగలవారు ఇప్పుడు ఎవరూ లేరు.