బడిని గట్టుమీదనుండి చూడరాదు

1991లో అమెరికాలోని బర్క్లీలో భారతీయ విద్యార్థులు స్థాపించిన ఆశా ఫర్ ఎడ్యుకేషన్ మన దేశపు పేదపిల్లల చదువులకు ధనమిచ్చుచు, స్వచ్ఛంద సేవకులను పంపి ఆ పనులను పరీక్షింపజేయుచున్నది. మంచి పద్ధతియే. కాని ఏ దాతయైనను రాక ముందుగా తెలిపినచో బడికి సున్నము పడును, పూలదండలు వచ్చును! చెఱకుతోట గట్టునుండి చూచిన పచ్చగానే యుండును. నడిమికి పోయి గడను చీల్చిననే యెఱ్ఱకుళ్ళు తెలియును.

బోధను ప్రాంతపు బడులను చూడవచ్చువారు చెఱకు నఱకు దినములలో రావలయును. పట్టీలోని పేర్లెన్ని, బడిలోని తలలెన్ని యని లెక్కింపవలయును. ఒక పిల్లవానిచే ఎఱుగని పుటను చదివింపవలయును. రానివాని యింటికి పోయి తల్లి నడుగవలయును. 2015లో శక్కర్‌నగర్ చక్కెర కర్మాగారము మూతబడి జీతము పోయిన యిండ్ల సంగతి పట్టీలో నుండదు గదా.

మన సంఘ సభ్యులొకరిద్దఱు అట్టివారికి తోడు పోవుట మేలు. ఉపాధ్యాయుని తప్పు పట్టుటకు గాదు; ధనము నిలిచిపోవునను భయమున అతడు వ్రాయ జంకు మాటను వినుటకు.