చెంచుల పటం ఎవరు గీయాలి?

మార్కాపురం జిల్లా అయింది. వెలిగొండ నీళ్లు, ఫ్లోరైడు, ఒంగోలు దూరాభారం అంటూ ఏళ్ల తరబడి పోరాడిన పశ్చిమ ప్రకాశానికి న్యాయంగా దక్కిన ఫలమిది. మేమూ సంతోషించాం. కానీ ఈ సందర్భంగా వెలువడిన వ్యాసాలూ కవితలూ చదువుతుంటే మనసు చివుక్కుమంది. వాటిలో చెన్నకేశవుడున్నాడు, పలకలున్నాయి, కంభం చెరువుంది. చెంచులు లేరు. ఎక్కడైనా ఉంటే చెంచులక్ష్మిగా ఉన్నారు. నరసింహస్వామికి పిల్లనిచ్చినవాళ్లని పొగిడి పక్కకు నెట్టడం మన సాహిత్యానికి అలవాటే. 1943లోనూ 1958లోనూ ఆమె పేరుతో సినిమాలు తీసుకున్నాం. ఆమె పుట్టింటివాళ్లు ఏ చట్టం నీడన అడవిలో బతుకుతున్నారో అడగలేదు.

1970 దాకా మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. తర్వాత ప్రకాశంలోకి వచ్చాయి. ఇప్పుడు మార్కాపురం. ఇన్నిసార్లు హద్దులు మారినా పాలుట్ల, తుమ్మలబైలు వంటి గూడేల నేల షెడ్యూల్డు ప్రాంతం కాలేదు. కృష్ణకు ఆవల తెలంగాణలోని అమ్రాబాద్ చెంచు పెంటలు మాత్రం రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద ఉన్నాయి. నిజాం ఏలుబడిలో ఉన్నవారికి ఒక రక్షణ దక్కింది, మద్రాసు ఏలుబడిలో ఉన్నవారికి దక్కలేదు. అదే తెగ, అదే నల్లమల. ఆవలి ఒడ్డున చెంచు భూమి గిరిజనేతరుడి చేతికి పోకుండా భూబదలాయింపు నిబంధన అడ్డుంటుంది, సుప్రీంకోర్టు ఇచ్చిన 1997 నాటి సమత తీర్పు అడ్డుంటుంది, గ్రామసభలకు బలమిచ్చే పీసా చట్టం ఉంటుంది. ఈవలి ఒడ్డున ఇవేవీ లేవు. ఎప్పుడో పాలకులు గీసుకున్న గీతకు ఈనాటి చెంచు బిడ్డ ఎందుకు మూల్యం చెల్లించాలి?

ఇక్కడ మిగిలిన ఆసరా 2006 అటవీ హక్కుల చట్టం. అందులోనూ అధికారుల కంటికి ఆనేది వ్యక్తిగత పట్టా ఒక్కటే. తేనె పట్టే కొండచరియలు, గడ్డలు తవ్వే చోట్లు, దేవతలున్న రాళ్లు, పెద్దలను పూడ్చిన నేల ఏ పట్టాలోనూ ఇమడవు. అందుకే ఆ చట్టంలోని 3(1)(ఇ) సెక్షను చెంచుల వంటి ఆదిమ తెగలకు ఆవాస హక్కును ప్రత్యేకంగా గుర్తించింది. ఆ హక్కు అందేలా చూడాల్సిన బాధ్యత జిల్లా స్థాయి కమిటీదేనని 2012లో సవరించిన నిబంధనలు తేల్చి చెప్పాయి. మధ్యప్రదేశ్‌లోని దిండోరిలో బైగాలు సాధించుకున్నారు. 2023లో ఛత్తీస్‌గఢ్ కమార్లకు దక్కింది. మన చెంచులు ఎందులో తీసిపోయారు?

పులుల అభయారణ్యం కదా అంటారు. పులి బతకాలి, కాదనం. అయితే అటవీవాసుల హక్కులకు భంగం కలగకుండానే పులుల ఆవాసం గుర్తించాలని వన్యప్రాణి చట్టానికి 2006లో చేసిన సవరణే చెబుతోంది. సఫారీ జీపులు తిరిగే తుమ్మలబైలు అడవిలో తేనెకు పోయే చెంచును నేరస్థుడిలా చూసే అధికారం ఎవరికీ లేదు. పులితో కలిసి తరతరాలు బతికినవాడికి పులి గురించి పాఠాలు చెప్పడం మానండి.

గూడెం గూడెం విడివిడిగా అర్జీ పెట్టుకున్నంతకాలం ఆ కాగితాలు బల్లల మీదే ఉంటాయి. కలిసి నిలిస్తే వేరు. 2013లో ఒడిశాలోని నియమగిరి మీద 12 గ్రామసభలు ఒక్కమాటగా బాక్సైటు తవ్వకాన్ని తిరస్కరించాయి. 2019లో యురేనియం అన్వేషణ కోసం అమ్రాబాద్‌లో 83 చదరపు కిలోమీటర్ల అడవి మీద కన్నుపడితే చెంచులు ఎదురు నిలిచారు, చుట్టుపక్కల ఊళ్లు తోడొచ్చాయి. సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభే తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేయాల్సి వచ్చింది. యర్రగొండపాలెం, దోర్నాల, అర్ధవీడు గూడేలు అలా ఒక్కచోట కూర్చోవాలి. జిల్లా కోసం రోడ్డెక్కిన మార్కాపురం, గిద్దలూరు జనం వాళ్ల పక్కన నిలబడాలి.

కొత్త జిల్లాకు అటవీ హక్కుల చట్టం కింద కొత్త కమిటీ ఉంటుంది, దానికి కలెక్టరే అధ్యక్షుడు. మొదటి సమావేశంలోనే చెంచుల ఆవాస హక్కును చర్చకు పెట్టాలి. గూడేల పెద్దలను వెంటబెట్టుకుని, వాగులకూ గుట్టలకూ వాళ్లు పిలుచుకునే పేర్లతోనే వాళ్ల ఆవాసం పటం గీయించాలి.