రైలు రాని ఊరు

అమెరికాలోని వాయవ్య కాన్సాస్‌లో 24వ నంబరు రహదారి మీద వెళ్లేవారు రెప్పవేసి తెరిచేలోగా నికోడెమస్ దాటిపోతారు. చుట్టూ విశాలమైన మైదానం, కొన్ని పాత కట్టడాలు, ఒకటీ అరా ఇళ్లు. 2020 జనాభా లెక్కల్లో ఇక్కడ తేలింది 14 మంది. 1880ల్లో వందల మంది ఉన్న చోటు ఇది. రెండు పత్రికలు కూడా నడిచాయి.

బానిసత్వం రద్దయి పన్నెండేళ్లు గడిచినా దక్షిణాదిన నల్లవారికి బతుకు భయం తీరలేదు. 1877లో ఒక తెల్ల భూవ్యాపారి, ఒక నల్లజాతి పెద్దమనిషి కలిసి కంపెనీ పెట్టి, రండి, ఇక్కడ సొంత భూమి దొరుకుతుందని కెంటకీలో ప్రచారం చేశారు. నమ్మి వచ్చినవారికి ఊరే కనబడలేదు. ఇల్లు కట్టడానికి కలప లేక, ముందొచ్చినవాళ్లు నేల తవ్వి ఆ గుంతల్లోనే కాపురం పెట్టారు. భూమిలోంచి పొగ లేస్తుంటే అదే ఊరని చూపించాల్సి వచ్చిందట! కొందరు అప్పుడే వెనుదిరిగారు. మొదటి చలికాలం గట్టెక్కడానికి, వేట ముగించుకుని వెళ్తున్న ఓసేజ్ అనే ఆదివాసీ తెగవారు పెట్టిన తిండి కూడా ఆసరా అయిందని పాతవాళ్లు చెప్పుకునేవారు. తమ నేలలు పోగొట్టుకున్నవాళ్లు కొత్త నేలకు వచ్చినవాళ్ల ఆకలి తీర్చారన్నమాట.

నిలదొక్కుకున్నారు. ఇక్కడ స్థిరపడిన ఎడ్వర్డ్ మెక్కేబ్ 1882లో కాన్సాస్ రాష్ట్ర ఆడిటర్‌గా ఎన్నికయ్యాడు. ఇక రైలొస్తే తిరుగులేదనుకుని, రైలు కంపెనీకి 16,000 డాలర్ల బాండ్లు ఇవ్వడానికి ఓటేశారు. ఆ రైలు రాలేదు. 1888లో మరో కంపెనీ సాలమన్ నది అవతల పట్టాలు వేసుకుంది. దుకాణాలు అటు మూటగట్టుకుపోయాయి. అక్కడ వెలిసినదే బోగ్ ఊరు.

ఈ కథను రైలు మోసం చేసిన కథగా చెప్పడం తేలిక. కానీ పోయినవి దుకాణాలు. రైతులు ఆ తర్వాతా దున్నుతూనే ఉన్నారు. నిన్నటిదాకా తామే ఒకరి ఆస్తిగా లెక్కకొచ్చిన మనుషులు తమ పేర పట్టా పుచ్చుకున్న నేల అది, స్టేషన్ లేదని ఎలా వదులుకుంటారు? 1930ల కరువు, దుమ్ము తుపాన్లే వాళ్లను ఎక్కువగా కదిలించాయి. 1935 నాటికి ఊళ్లో 76 మందే మిగిలారు.

1996లో ప్రభుత్వం దీన్ని జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించింది. 1939లో సున్నపురాతితో కట్టిన టౌన్‌షిప్ హాలు, చర్చిలు, బడి, పాత హోటలు చూడటానికి గంట చాలు. అయితే వెళ్లదలచినవారు జూలై ఆఖరు వారాంతం చూసుకుని వెళ్లడం మంచిది. ఆ రోజుల్లో విమోచనోత్సవం జరుగుతుంది. మొదట్లో ఆగస్టు 1న చేసేవారు, బ్రిటిష్ వెస్టిండీస్‌లో బానిసలకు విముక్తి వచ్చిన రోజు కాబట్టి. ఎక్కడెక్కడో స్థిరపడిన మనవలు, మునిమనవలు జాతరకు వచ్చినట్టు పిల్లాజెల్లాతో దిగుతారు. అప్పుడు 14 అన్న అంకెను ఎవరూ నమ్మరు.