టీచర్ మధ్యలో వెళ్లిపోతే ఎవరి చదువు ఆగుతుంది?

స్కూళ్లు తెరిచేది జూన్‌లో, టెన్త్ పరీక్షలు మొదలయ్యేది మార్చిలో. ఈ మధ్యలో ఏదో ఒక నెలలో లెక్కల సారో, ఇంగ్లిష్ మేడమో మానేసి వెళ్లిపోవడం తెలుగు రాష్ట్రాల్లో చదువుకున్న వాళ్లెవరికీ కొత్త కాదు. దసరా సెలవులకు ఊరెళ్లిన సార్ తిరిగి రారు. సంక్రాంతి తర్వాత మేడం కనబడరు. పిల్లలు నాలుగు రోజులు అడుగుతారు, తర్వాత అడగడం మానేస్తారు. పెద్దవాళ్లు మాత్రం ఒకే మాట అంటారు: 'ఈ కాలం టీచర్లకు నిబద్ధత లేదు.'

ఈ మాటతోనే నాకు పేచీ. టీచర్‌ను ఏ షరతుల మీద పెట్టుకున్నారో అడగకుండా, ఎందుకు వెళ్లిపోయారని మాత్రమే అడగడం న్యాయం కాదు. ఏడాది మధ్యలో వెళ్లిపోక తప్పని షరతుల మీద ఈ దేశం లక్షలాది టీచర్లను పనిలో పెట్టుకుంటోంది. ఆ ఖాళీ భారం మాత్రం ట్యూషన్ పెట్టించుకోలేని పిల్లల మీద పడుతోంది. ఆ పిల్లలు ఏ వాడల నుంచి వస్తారో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

నిబద్ధత గురించి మాట్లాడే ముందు ఒక సంగతి గుర్తు చేసుకుందాం. బాబాసాహెబ్ అంబేడ్కర్ 1918లో బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసర్‌గా చేరారు. జీతంలో మిగిల్చుకున్న డబ్బుతో, మధ్యలో ఆగిపోయిన లండన్ చదువు పూర్తి చేయాలన్నది ఆయన ఆలోచన. 1920లో రాజీనామా చేసి వెళ్లిపోయారు. పాఠం చెప్పడం మీద ఆయనకు ప్రేమ లేదని ఎవరైనా అనగలరా? తర్వాత ఆయనే పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ స్థాపించారు, సిద్ధార్థ కాలేజీ, మిళింద్ కాలేజీ నిలబెట్టారు. మెరుగైన అవకాశం కోసం ఉద్యోగం వదలడం మనిషి హక్కు. అతను వెళ్లిన మర్నాడు ఆ తరగతిలో ఎవరు నిలబడతారో చూసుకోవడం వ్యవస్థ బాధ్యత. మన దగ్గర ఈ రెండో పని ఎవరూ చేయడం లేదు.

మొదట క్యాలెండర్ చూద్దాం. 2024లో తెలంగాణ డీఎస్సీ ఫలితాలు సెప్టెంబర్ 30న వచ్చాయి. అక్టోబర్ 9న హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో 10,000 మందికి పైగా నియామక పత్రాలు అందుకున్నారు. 2025లో ఆంధ్రప్రదేశ్ మెగా డీఎస్సీ 16,347 పోస్టులకు జరిగింది. నియామక పత్రాలు సెప్టెంబర్ చివర్లో ఇచ్చారు. ఏళ్ల తరబడి ఎదురుచూసిన వాళ్లకు ఉద్యోగాలు రావడం సంతోషమే. అయితే ఆ పత్రాలు అందుకున్న వాళ్లు అప్పటిదాకా ఖాళీగా కూర్చోలేదు. చాలామంది ప్రైవేటు స్కూళ్లలో, గురుకులాల్లో అప్పటికే పాఠాలు చెబుతున్నారు. ఒక బడికి టీచర్ వచ్చిన రోజే ఇంకో బడిలో బోర్డు ముందు కుర్చీ ఖాళీ అయింది. నియామక పరీక్షలు, ఫలితాలు ఏప్రిల్ నాటికి పూర్తయి జూన్‌లో అందరూ చేరేలా చేయడం ప్రభుత్వాలకు అసాధ్యమేమీ కాదు. ఎన్నికలకూ కోర్టు కేసులకూ అనుగుణంగా నోటిఫికేషన్ తేదీలు మారుతున్నాయి తప్ప, పిల్లల సంవత్సరం ఎవరి లెక్కలోనూ లేదు.

రెండోది ఉద్యోగం స్వభావం. రెగ్యులర్ పోస్టు ఖాళీగా ఉంచి, దాని మీద విద్యా వలంటీర్, అకడమిక్ ఇన్‌స్ట్రక్టర్, గెస్ట్ టీచర్, పార్ట్‌టైమ్ టీచర్ అనే రకరకాల పేర్లతో మనుషులను నింపడం పాతికేళ్లకు పైగా నడుస్తోంది. తెలంగాణలో విద్యా వలంటీర్‌కు నెలకు 12,000 రూపాయలు ఇచ్చేవారు. ఏప్రిల్‌తో పని అయిపోయేది, ఎండాకాలం పైసా రాదు. 2020లో కరోనాతో బడులు మూతపడ్డాక వాళ్లను మళ్లీ పిలవలేదు. ఉత్తరప్రదేశ్ శిక్షామిత్రలు 2017 తర్వాత ఏళ్ల తరబడి నెలకు 10,000 రూపాయలకే, అదీ ఏడాదికి 11 నెలలకే పనిచేశారు. గురుకులాల్లో రెగ్యులర్ టీచర్లు వచ్చిన రోజున పార్ట్‌టైమ్ వాళ్లకు ఇంటిదారి చూపిస్తారు, అది విద్యా సంవత్సరం మధ్యలో అయినా సరే. అంటే ఏడాది మధ్యలో టీచర్‌ను పంపించేయడం ప్రభుత్వానికి తప్పు కాదు, ఏడాది మధ్యలో తానే వెళ్లడం టీచర్‌కు తప్పు! మాట మీద నిలబడాల్సింది ఒక్క పక్షమే అయితే దాన్ని ఒప్పందం అనలేం.

ఈ విషయంలో కోర్టుల మాట కూడా ఒక్కలా లేదు. ఒకే పని చేసే తాత్కాలిక ఉద్యోగికి రెగ్యులర్ స్కేలులో కనీస వేతనం ఇవ్వాలని 2016లో జగ్‌జీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2019లో అదే కోర్టు బీహార్ నియోజిత టీచర్లకు సమాన వేతనం నిరాకరించింది. 2025 ఆగస్టులో గుజరాత్ కాంట్రాక్టు అసిస్టెంట్ ప్రొఫెసర్ల కేసులో మళ్లీ సమాన వేతనం వైపు నిలబడింది. రాజ్యాంగం 39వ అధికరణం సమాన పనికి సమాన వేతనం అని రాసుకుని 75 ఏళ్లు దాటింది. ప్రతి టీచరూ ఆ ఒక్క వాక్యం కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లాలంటే, పాఠం చెప్పేదెవరు?

కాంట్రాక్టు పద్ధతిలో మనం పెద్దగా చర్చించని ఇంకో కోణం ఉంది. కేంద్ర ప్రభుత్వ కొలువుల్లో 45 రోజులు, అంతకు మించి ఉండే తాత్కాలిక నియామకాలకు కూడా ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ రిజర్వేషన్ వర్తిస్తుందని కేంద్రమే ఉత్తర్వులు ఇచ్చింది. కింద బడి స్థాయిలో గెస్ట్ టీచర్‌ను పెట్టుకునేటప్పుడు రోస్టర్ చూసేదెవరు? ఒక్కో సబ్జెక్టుకు ఒక్కరు, ఒక్కో బడికి ఒక్కరు అన్నప్పుడు రోస్టర్ గాలికి పోతుంది. రెగ్యులర్ పోస్టు ఖాళీగా ఉన్నంత కాలం ఆ పోస్టు మీదున్న రిజర్వేషన్ కూడా ఖాళీగా ఉన్నట్టే. పిల్లవాడు టీచర్‌ను పోగొట్టుకుంటాడు, అదే వాడలోని బీఎడ్ చేసిన అక్క ఉద్యోగాన్ని పోగొట్టుకుంటుంది. దెబ్బ ఒకటే, తగిలేది ఇద్దరికి.

రెగ్యులర్ ఉద్యోగం వచ్చినవాళ్లు కూడా గురుకులాల నుంచి ఎందుకు వెళ్లిపోతున్నారో చూడాలి. తెలంగాణలో 2023లో గురుకులాల బోర్డు 9,000కు పైగా పోస్టులకు నోటిఫికేషన్లు ఇచ్చింది, 2024 మొదట్లో నియామకాలు జరిగాయి. కొన్ని నెలలకే డీఎస్సీ వచ్చింది. గురుకుల టీచర్ పగలు పాఠం చెప్పాలి, పొద్దున, సాయంత్రం స్టడీ అవర్లు చూడాలి, వంతుల వారీగా రాత్రి డ్యూటీ చేయాలి. పిల్లకు జ్వరమొస్తే ఆసుపత్రికి తీసుకెళ్లాలి, మెస్‌లో బియ్యం తూకం చూడాలి. తేడా వస్తే మెమో అందుకునేదీ తనే. జిల్లా పరిషత్ స్కూల్లో అదే చదువుకు అదే హోదా ఉండి, సాయంత్రం ఇంటికి వెళ్లే అవకాశం ఉన్నప్పుడు ఎవరు ఉంటారు? వార్డెన్ పనినీ టీచర్ పనినీ ఒకే మనిషి నెత్తిన పెట్టి, అతను వెళ్లిపోయాడని బాధపడితే ఏం లాభం? ఆ బడుల్లో చదివేది దళిత, ఆదివాసీ, బీసీ పిల్లలు కాబట్టి అక్కడ పనిచేసేవాళ్లు త్యాగం చేయాలని మనం ఆశిస్తున్నాం. డబ్బున్న వాళ్ల పిల్లలు చదివే రెసిడెన్షియల్ స్కూళ్లలో ఆ పనికి వేరే మనుషులను పెడతారు.

ఆదివాసీ పిల్లల ఏకలవ్య మోడల్ స్కూళ్ల సంగతి ఇంకోలా ఉంది. 740 బడులకు 38,800 మంది టీచర్లను, సిబ్బందిని తీసుకుంటామని 2023 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. నియామకం ఢిల్లీ నుంచి, పరీక్షలో హిందీ ప్రావీణ్యం తప్పనిసరి. గోండీ, కోయ, తెలుగు మాట్లాడే పిల్లల దగ్గరికి ఆ భాషల్లో ఒక్క ముక్క రాని యువకులు వందల కిలోమీటర్ల దూరం నుంచి వచ్చారు. వాళ్లు మొదటి రోజు నుంచీ బదిలీ కోసం చూడటంలో ఆశ్చర్యం లేదు, వాళ్ల తప్పూ లేదు. మహాత్మా జోతిరావు ఫూలే 1882లోనే హంటర్ కమిషన్‌కు ఇచ్చిన వినతిపత్రంలో ఈ విషయం రాశారు. ప్రాథమిక బడుల టీచర్లు వీలైనంతవరకు రైతు కులాల నుంచే రావాలని, పిల్లలతో కలిసిపోయేవాళ్లు కావాలని కోరారు. శిక్షణ పొందిన టీచర్‌కు నెలకు 12 రూపాయలకు తక్కువ ఇవ్వొద్దని, పెద్ద ఊళ్లలో ఇంకా ఎక్కువ ఇవ్వాలని జీతం అంకె కూడా చెప్పారు. ఎవరు చెబుతారు, ఎంత ఇస్తారు అన్న రెండు ప్రశ్నలనూ ఫూలే విడదీయలేదు. మనం విడదీసి, రెండింటినీ వదిలేశాం.

మహిళా టీచర్ల విషయం వేరుగా చెప్పాలి. కాంట్రాక్టు టీచర్ గర్భవతి అయితే చాలాచోట్ల ఆమెకు మిగిలే దారి మానేయడమే. కాంట్రాక్టు గడువు ముగిసినా ప్రసూతి ప్రయోజనాలు ఇవ్వాల్సిందేనని 2023లో సుప్రీంకోర్టు ఒక కాంట్రాక్టు డాక్టర్ కేసులో స్పష్టంగా చెప్పింది. చట్టం ప్రకారం 26 వారాల వేతన సెలవు ఆమె హక్కు. ఆ సెలవు ఇస్తే ఆమె తిరిగి వస్తుంది. ఇవ్వకపోతే రిజిస్టర్‌లో 'సొంత కారణాలతో మానేశారు' అని రాస్తారు.

ప్రైవేటు స్కూళ్లు ఈ సమస్యకు కనిపెట్టిన మందు అందరికీ తెలిసిందే. చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టుకుంటారు. మధ్యలో మానేస్తే రెండు, మూడు నెలల జీతం కట్టమంటారు. జీతం పెంచి మనిషిని నిలుపుకోవడం మాని, కాగితాలు పట్టుకుని మనిషిని కట్టేయడం వెట్టికి కొత్త పేరు. తొలి తరం డిగ్రీ చేసిన దళిత యువతికి ఆ సర్టిఫికెట్లే ఆస్తి. అవి ఇంకొకరి బీరువాలో ఉండగా ఆమె తరగతిలో సమానత్వం పాఠం ఎలా చెప్పాలి?

నేను హాస్టల్లో ఉండి సర్కారు బడిలో చదివినవాడిని. తొమ్మిదో తరగతిలో మా ఫిజిక్స్ సార్ నవంబర్‌లో వేరే ఉద్యోగం వచ్చి వెళ్లారు. ఆ ఏడాది మాకు కాంతి పాఠం వరకే వచ్చింది, విద్యుత్తు ఎవరూ చెప్పలేదు. ఊళ్లో ట్యూషన్‌కు వెళ్లే పిల్లలకు ఆ పాఠం అందింది. ఇంటర్‌లో ఎంపీసీ తీసుకున్న మా హాస్టల్ పిల్లలను నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను. ఇప్పుడు యూనివర్సిటీలో పాఠం చెబుతూ, మీవాళ్లు సైన్స్‌లోకి ఎందుకు రారని తోటివాళ్లు అడిగినప్పుడు నాకు గుర్తొచ్చేది తెలివితేటల చర్చ కాదు, ఆ నవంబర్ నెల.

విద్యాహక్కు చట్టం, 2009లో 26వ సెక్షన్ ఉంది. ఏ బడిలోనూ టీచర్ ఖాళీలు మంజూరైన పోస్టుల్లో 10 శాతం మించకూడదని అది చెబుతుంది. ఐదు పోస్టులున్న బడిలో ఒక్క టీచర్ వెళ్లినా ఖాళీ 20 శాతం. అంటే చిన్న బడిలో ఏడాది మధ్యలో ఒక్క ఖాళీ కూడా చట్ట ఉల్లంఘనే. అయితే ఈ ఉల్లంఘన లెక్కల్లో కనబడదు. బడుల జాతీయ గణాంకాలకు ఏళ్లపాటు సెప్టెంబర్ 30నే ప్రామాణిక తేదీగా తీసుకున్నారు. ఆ రోజు టీచర్ ఉంటే ఏడాదంతా ఉన్నట్టే. అక్టోబర్‌లో వెళ్లిన టీచర్ ఏ పట్టికలోనూ లేరు. పీహెచ్‌డీ చేస్తున్న మన విద్యార్థులకు ఇక్కడ చేయదగ్గ పని ఉంది. మీ మండలంలో పది బడుల హాజరు రిజిస్టర్లు సమాచార హక్కు చట్టం కింద అడగండి. ఏ సబ్జెక్టు, ఏ నెల నుంచి, ఎన్ని వారాలు టీచర్ లేకుండా గడిచిందో రాయండి. ఏ సామాజికవర్గాల పిల్లలు చదివే బడిలో ఆ వారాలు ఎక్కువో చూడండి.

నా డిమాండ్లు పెద్దవేమీ కావు. నియామకాలు జూన్‌కు ముందే ముగియాలి. ప్రతి మండలంలో, ప్రతి గురుకుల జోన్‌లో సబ్జెక్టువారీగా రిజర్వు టీచర్లు ఉండాలి, ఒకరు వెళ్లిన వారంలోపు ఇంకొకరు తరగతిలో ఉండాలి. తాత్కాలిక టీచర్‌కు 12 నెలల జీతం, ఒకటో తారీకున, రెగ్యులర్ స్కేలులో కనీస వేతనం ఇవ్వాలి. తాత్కాలిక నియామకాలకూ రోస్టర్ వర్తించాలి. గురుకులాల్లో రాత్రి బాధ్యతలకు వేరే సిబ్బంది కావాలి. సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకునే యాజమాన్యాల గుర్తింపు రద్దు కావాలి.

వీటన్నింటికీ డబ్బు కావాలి, నిజమే. ఇప్పుడు కూడా ఖర్చు అవుతూనే ఉంది. ఆ ఖర్చును తొమ్మిదో తరగతిలో కూర్చున్న మాల, మాదిగ, లంబాడీ, గోండు, చాకలి పిల్లలు తమ భవిష్యత్తుతో కడుతున్నారు. వాళ్ల పేరు మీద బిల్లు రాయడం ఆపమని అడగడం మన పని.